‘చాలు’ చెప్పే యంత్రం

నా గొంతు ఇప్పుడు మా ఊళ్ళో నలభై రెండు నోళ్ళతో ఒకేసారి మాట్లాడుతుంది. నేను ఇంట్లో పప్పుకి తాలింపు పెడుతున్న సమయంలో కూడా, మార్కెట్ వీధిలో ఎవరికో ‘ఇంకొక్కసారి’ అని చెబుతూనే ఉంటుంది. ఎంత తియ్యగా చెబుతుందనుకున్నారు! అంత తియ్యగా నేనిప్పుడు ఎవరితోనూ మాట్లాడలేను. ఉన్న తియ్యదనమంతా వాళ్ళే తీసుకుపోయారు.

నా పేరు ఇందుమతి. నల్లరాయిపేట ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ళ చేతులూ కాళ్ళూ మళ్ళీ కదిలేలా చేయడం నా పని. మా ఊరిది పలకల వ్యాపారం. ఊరి చుట్టూ నల్లరాతి గనులు, ఊళ్ళో పలకల కార్ఖానాలు. ఇప్పుడు పిల్లలు తెరల మీద అక్షరాలు దిద్దుతున్నారు కనక కార్ఖానాలు ఆరో ఏడో మిగిలాయి. మా నాన్న కోటిలింగం నలభై ఏళ్ళు పలకలు కోశాడు. ఆయన కోసిన పలక అంచు మీద వేలు పెట్టి గీస్తే ఎక్కడా గరుకు తగిలేది కాదు.

మా ఊళ్ళో ఒక అలవాటుంది. కార్ఖానా పనివాళ్ళు ఏదైనా తేల్చుకోవలసి వస్తే తలా ఒక పలక తీసుకుంటారు. ‘సరే’ అనో ‘వద్దు’ అనో ఒక్క మాట రాసి బోర్లిస్తారు. అందరివీ బోర్లించాక ఒకేసారి తిరగేస్తారు. లెక్క తేలిందంటే ఇక గొణుగుడు ఉండకూడదు. ఓడినవాడు కూడా గెలిచినవాళ్ళ మాటే తన మాటగా బయట చెప్పాలి. మా ఇంట్లోనూ అంతే. నేను ఏం చదవాలి, తమ్ముడు ఎక్కడ చదవాలి, అమ్మ పోయాక వంటకి మనిషిని పెట్టుకోవాలా వద్దా, అన్నీ పలకల మీదే తేలాయి. వంటమనిషి విషయంలో నాన్న ఓడిపోయాడు. ఓడిపోయిన మర్నాడే వీధిలో అందరికీ ఆమె పులుసు గురించి గొప్పగా చెప్పాడు. పులుసు నిజానికి నోట్లో పెట్టుకునేలా ఉండేది కాదు.

నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఊరందరి చేతులూ లేపే నేను, సొంత నాన్న దగ్గరికి వచ్చేసరికి ఎందుకూ పనికిరాకుండా పోయాను. తొమ్మిదిసార్లు చెయ్యి ఎత్తేవాడు. పదోసారికి వదిలేసేవాడు.

“చాల్లే అమ్మాయ్. ఇంక నా వల్ల గాదు” అని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

బతిమాలాను, తిట్టాను, అన్నం పెట్టనని బెదిరించాను. పదోసారి మాత్రం రాలేదు. ఈ వైద్యంలో అసలు రహస్యం ఆ పదోసారిలోనే ఉంటుంది. వదిలేయాలనిపించాక చేసే ఒక్క ప్రయత్నమే నరానికి దారి చూపిస్తుంది.

మా తమ్ముడు వంశీధర్ ఇంజినీరు. ఒంగోలు రోడ్డులో ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని, దానికి ప్రయోగశాల అని బోర్డు పెట్టుకున్నాడు. లోపల ఒక ఫ్యానూ, నాలుగు కంప్యూటర్లూ, లెక్కలేనన్ని తీగలూ ఉండేవి. నాన్న సంగతి విని మూడు నెలలు వాడు అందులోంచి బయటికి రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఒక ఇనప పిడి ఉంది. చిన్న రోకలి పిడిలా ఉంది. దాన్ని నాన్న చేతికి పట్టించి, వ్యాయామం మొదలుపెట్టమన్నాడు.

“ఇదిగో అక్కా, తెర మీద ఈ గీత చూడు. ఇక్కడ కిందికి జారింది కదా? నాన్న ఇక్కడ వదిలేశాడు.”

“యాడ వదిలేశాడ్రా? ఇంకా ఎత్తుతూనే ఉన్నాడు గదా!”

“ఆగు.”

ఆ మాట పూర్తయ్యేలోగా నాన్న చెయ్యి పరుపు మీద పడింది.

“చూశావా? ఆయన కంటే ముందు ఈ పిడికి తెలిసింది” అన్నాడు వాడు. వాడి మొహం చిన్నప్పుడు గాలిపటం ఎగరేసినప్పటిలా వెలిగిపోయింది.

మనిషి ఒక పని వదిలేయబోయే ముందు, వదిలేస్తున్నానని తనకే తెలియక ముందు, అరచేతి చెమటలోనూ వేళ్ళ కండరాల్లోనూ ఒక చిన్న మార్పు వస్తుంది. దాన్ని పట్టుకోవడమే వాడు కనిపెట్టిన విద్య. ఆ క్షణంలో మనిషిని ఒక్క మాటతో ఆపగలిగితే ఇంకొకసారి ప్రయత్నిస్తాడు. ముందుగా వాడు ఆ క్షణంలో గంట మోగేలా చేశాడు. నాన్న విసుక్కున్నాడు.

“ఆ గంటేందిరా, గుళ్ళో ఉన్నట్టు! తీసెయ్.”

తరువాత నా గొంతు రికార్డు చేశాడు. ‘ఇంకొక్కసారి. వచ్చేస్తోంది.’ అంతే. షెడ్డులో ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ, ఆ రెండు ముక్కలూ అరవైసార్లు చెప్పాను. ఎదురుగా నాన్న మంచం మీద ఉన్నట్టు ఊహించుకుని చెప్పాను. అరవైలో ఒక్కటి వాడికి నచ్చింది.

ఆ గొంతు వినిపించిన మొదటి రోజే నాన్న పదోసారి చెయ్యి ఎత్తాడు. నెల తిరిగేసరికి ఇరవై. పద్నాలుగు నెలలు, రోజూ రెండు పూటలా. ఆ పిడికి ‘చేయూత’ అని పేరు పెట్టాం. చివరికి ఒక ఆదివారం పొద్దున నాన్న బలపం పట్టుకుని పలక మీద తన పేరు రాశాడు. ‘లిం’ దగ్గర కొంచెం వణికింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. వంశీ నా వెనకే వచ్చి, వాడూ ఏడ్చాడు. ఆ రోజు వాడి కన్నీళ్ళు నిజమే. ఇప్పటికీ ఆ మాట కాదనను.

ఆ తరువాత మూడేళ్ళు వాడు చేయూతను సంచిలో పెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు. అందరూ భేష్ అన్నారు, టీ ఇచ్చారు, పంపించేశారు. మా ఆసుపత్రికి వాడు ఊరికే ఇచ్చిన ఒక్కటి తప్ప ఇంకెక్కడా చేయూత లేదు.

సరిగ్గా అప్పుడే కొత్త చట్టం వచ్చింది. జూదం యంత్రాలు పెట్టుకోవచ్చు, అయితే ఏ ఊరికి ఆ ఊరు ఓటు వేసి ఒప్పుకోవాలి. మా ఊరి మీద ఒక కంపెనీ కన్ను పడింది. పిడి లాగితే మూడు బొమ్మలు గిర్రున తిరుగుతాయి. మూడూ ఒకటే అయితే డబ్బు వస్తుంది. జనం వాటికి అప్పటికే తిప్పుడు పెట్టెలని పేరు పెట్టేశారు. ఊళ్ళో సగం మంది కావాలన్నారు, సగం మంది వద్దన్నారు. నేను వద్దన్నవాళ్ళలో మొదటి వరసలో ఉన్నాను.

ఓటుకి రెండు నెలల ముందు వంశీ ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక విషయం చెప్పాడు. కంపెనీకి చేయూత కావాలట.

“జూదం పెట్టెలోనా? నీకు మతి పోయిందేంట్రా?” అన్నాను.

“పూర్తిగా విను అక్కా. వదిలేసే క్షణాన్ని పట్టుకున్నట్టే, హద్దు దాటే క్షణాన్ని కూడా పట్టుకోవచ్చు. మనిషి సరదాగా ఆడుతున్నాడా, ఒళ్ళు తెలియకుండా ఆడుతున్నాడా అన్నది అరచెయ్యే చెప్పేస్తుంది. అది తెలియగానే పెట్టె ఆగిపోతుంది. ‘చాలు, ఇక లేవండి’ అని నీ గొంతుతో చెబుతుంది. తాగుడు మానిపించే సారాకొట్టు లాంటిదనుకో. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మన ఊళ్ళో పెడితే వచ్చే పన్నుతో ఆసుపత్రికి ఇరవై చేయూతలు కొంటామని కౌన్సిల్ తీర్మానం కూడా చేసింది.”

ఇరవై. నా వార్డులో ఒక్క పిడి కోసం పొద్దున్నుంచి వరసలో కూర్చునే పదకొండు మంది గుర్తొచ్చారు. వాళ్ళలో చాలామంది తమ వంతు రాకుండానే వెళ్ళిపోయేవారు.

“హద్దు దాటగానే చెబుతుందా? ఖాయంగా?”

“ఖాయంగా.”

“అట్టయితేనే. అది లేకపోతే నా గొంతు ఇవ్వను.”

“అది లేకుండా నేను మాత్రం ఇస్తానా?” అన్నాడు వంశీ.

నాన్న లేచి, అటక మీది నుంచి మూడు పలకలు దించాడు. ముగ్గురం రాశాం, బోర్లించాం, తిరగేశాం. నాన్నది ‘వద్దు’. వంశీది ‘సరే’. నాది ‘సరే’.

పలక మీద షరతులు రాయరు. ఒక్క మాటే రాస్తారు. అదే మా ఊరి పద్ధతి, అదే మా పొరపాటు. నా షరతు నా నోట్లోనే ఉండిపోయింది, పలక మీద మాత్రం ‘సరే’ అని ఉంది.

నాన్న తన పలక తడిగుడ్డతో తుడిచేశాడు. “సరే మరి. ఇంక ఇది నా మాట గూడా” అన్నాడు. మర్నాటి నుంచి కార్ఖానాల వెంట తిరిగి, “మా అమ్మాయి గొంతు పెడతన్నారయ్యా, అది ఉంటే భయం లేదు” అని చెప్పడం మొదలుపెట్టాడు. వద్దని రాసిన మనిషి! ఆయన్ని ఆపాలని నాకు తోచనే లేదు. పైగా గర్వపడ్డాను.

షెడ్డులో మళ్ళీ ఫ్యాను ఆపారు. ఈసారి ‘చాలు. ఇక లేవండి. ఇంటికి వెళ్ళండి’ అని చెప్పాను. మూడోసారికే బాగా వచ్చింది.

ఓటుకి వారం ముందు మార్కెట్ వీధిలో సభ పెట్టారు. నన్ను వేదిక ఎక్కించారు. ఎదురుగా పెట్టె ఉంది. వంశీ దాని ముందు కూర్చుని ఆడాడు. కాసేపటికి పెట్టె ఆగి, నా గొంతుతో ‘చాలు’ అంది. జనం ఈలలు వేశారు. అందరూ నవ్వుతుండగా ఖాదర్ మొహిద్దీన్ మాస్టారు లేచి నిలబడ్డారు. ఆయన నాకు ఆరో తరగతిలో లెక్కలు చెప్పారు. ఊళ్ళో ఆయన మాట మీద మూడు వార్డులు నడుస్తాయి. అప్పటిదాకా ఆయన వద్దనేవారు.

“ఒక్క సంగతి చెప్పమ్మా ఇందుమతీ. ఆ ‘చాలు’ అన్న మాట ఎప్పుడు చెప్తుంది?”

“మనిషి హద్దు దాటుతున్నాడని తెలియగానే చెబుతుంది మాస్టారూ.”

“కంపెనీవాడు చెప్తే నేను నమ్మను. నువ్వు చెప్పు.”

“నేనే చెబుతున్నాను. అందులో ఉన్నది నా గొంతే.”

మాస్టారు కాసేపు నా మొహంలోకి చూశారు. “నీ నోటెంట వస్తే చాలు” అని కూర్చున్నారు.

రెండు వందల పద్నాలుగు ఓట్ల తేడాతో ‘అనుమతించవచ్చు’ గెలిచింది. మాస్టారి మూడు వార్డుల్లో వచ్చిన మెజారిటీ అంతకంటే ఎక్కువ. అంటే ఈ పెట్టెల్ని ఊళ్ళోకి తెచ్చింది కంపెనీ కాదు, కౌన్సిల్ కాదు. నేనే తెచ్చాను.

మార్కెట్ వీధిలో మూతపడిన పలకల గోడౌనుకి రంగులు వేసి, అందులో నలభై రెండు పెట్టెలు పెట్టారు. మొదటి రోజు నాన్న తన జతగాళ్ళని వెంటేసుకుని వెళ్ళాడు. ఆడడానికి కాదు, నా గొంతు వినిపించడానికి. పెట్టె పిడి అచ్చం చేయూత పిడిలాగే ఉంది. నాన్న దాన్ని పట్టుకోగానే ఆయన చెయ్యి పాత స్నేహితుణ్ణి చూసినట్టు గుర్తుపట్టింది.

“చేతికి మంచి వ్యాయామం అమ్మాయ్. పది నిమిషాలు లాగి వస్తన్నా” అనేవాడు.

పది నిమిషాలు గంటయింది. గంట ఒక పూటయింది. నేను కంగారు పడలేదు. ‘చాలు’ చెబుతుంది కదా అనుకున్నాను. నా గొంతు మీద నాకే అంత నమ్మకం! ఇంట్లో నాన్న పలకల కోత మిషను కనబడకపోయినా, ముసలాయన ఇంక కొయ్యలేడు కదా, అమ్మేసి ఉంటాడనుకున్నాను. అమ్మకి పెళ్ళప్పుడు పెట్టిన వెండి గ్లాసు కనబడని రోజున మాత్రం అవన్నీ ఎక్కడికి పోతున్నాయో అర్థమైంది.

ఆ మర్నాడు సెలవు పెట్టి గోడౌనుకి వెళ్ళి ఒక మూల స్టూలు మీద కూర్చున్నాను. రోగులు ఎన్నిసార్లు చెయ్యి ఎత్తారో రాసుకునే పుస్తకం నా చేతిలో ఉంది. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా, నా గొంతు ఎప్పుడు ఏం చెప్పిందో రాశాను.

ఎవరైనా విసిగి లేవబోతారు. లేవాలన్న ఆలోచన వాళ్ళ మనసులోకి ఇంకా వచ్చి ఉండదు. వేళ్ళు మాత్రం పిడి మీద కాస్త సడలుతాయి. సరిగ్గా అప్పుడు ఒక చిన్న గెలుపు వస్తుంది. దాని వెనకే నా గొంతు వస్తుంది, నాన్న కోసం షెడ్డులో రికార్డు చేసిన పాత గొంతే. ‘ఇంకొక్కసారి. వచ్చేస్తోంది.’ వేళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయి. మా ఇంట్లో, నాన్న మంచం పక్కన నేను పద్నాలుగు నెలలు చూసిన దృశ్యం అదే, ఏమాత్రం తేడా లేదు.

‘చాలు’ కూడా చెప్పింది. ఆ రోజు ముప్ఫై ఒక్కమందికి చెప్పింది. నేను ఆ ముప్ఫై ఒక్కమందినీ తలుపు దగ్గర ఆపి అడిగాను. ఒక్కొక్కరే ఆటకి డబ్బు వేయించుకునే కార్డు చూపించారు. ముప్ఫై ఒక్క కార్డులూ ఖాళీ.

కార్డులో డబ్బు అయిపోయినవాడికి నా గొంతు మర్యాదగా ‘చాలు, ఇంటికి వెళ్ళండి’ అని చెబుతోంది. వెనక నిలబడ్డవాడికి కుర్చీ కావాలి కదా మరి.

నేను సరాసరి షెడ్డుకి వెళ్ళాను. ఇప్పుడది షెడ్డు కాదు, ఏసీ పెట్టిన రెండంతస్తుల ప్రయోగశాల. వంశీ నన్ను చూడగానే ఎందుకు వచ్చానో గ్రహించాడు. నేను పుస్తకం వాడి బల్ల మీద పడేశాను. తెరిచి చూడలేదు.

“చట్టంలో ‘చాలు’ చెప్పాలని ఉంది అక్కా. ఎప్పుడు చెప్పాలో లేదు” అన్నాడు.

“నువ్వు చెప్పావు గదరా. మన ఇంట్లో కూర్చుని, నాన్న ఎదురుగా చెప్పావు.”

“అప్పటికే చేశాను కూడా. సభలో మీరంతా చూసింది అదే. దాంతో ఆడించి చూస్తే ఒక్కడూ పావుగంట మించి కూర్చోలేదు. కంపెనీ ఒప్పుకోలేదు. తీసెయ్యమన్నారు.”

“ఎప్పుడు తీసెయ్యమన్నారు?”

వాడు నా పుస్తకాన్ని బల్ల అంచుకి జరిపాడు.

“ఓటు తరువాతా?”

తల అడ్డంగా ఊపాడు.

“పలకలు బోర్లించిన రోజుకి నీకు తెలుసా?”

“మూడేళ్ళు తిరిగాను అక్కా. ఒక్క ఆసుపత్రి కొనలేదు. వీళ్ళు ఒక్క రోజులో కొన్నారు. నీకు చెబితే ఒప్పుకునేదానివి కాదు.”

“తెలుసా లేదా?”

“తెలుసు.”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చిన్నప్పుడు వీడికి జ్వరం వస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చిన చెయ్యి నాది. ఆ చెయ్యే ఇప్పుడు వాడి చెంప పగలగొట్టాలని లేచింది. పగలగొట్టలేదు. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

“నాన్న రోజంతా అక్కడే ఉంటున్నాడురా. తెలుసా నీకు? మిగతా వాళ్ళు అప్పుడప్పుడైనా లేస్తున్నారు. ఈయన ఒక్కసారి కూడా తనంతట తాను లేవట్లేదు.”

అప్పుడు వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

“పెట్టెకి ముందుగా ఎవరో ఒకరి చెయ్యి నేర్పాలి అక్కా. అది చూసుకుని మిగతా చేతులు నేర్చుకుంటుంది. పద్నాలుగు నెలల రికార్డు ఇంకెవరిదీ లేదు నా దగ్గర.”

“అంటే?”

“నలభై రెండు పెట్టెల్లోనూ ఉన్నది నాన్న చెయ్యే.”

నాన్న ఎప్పుడు వదులుతాడో, ఎప్పుడు ఆశపడతాడో, ఏ మాటకి కరుగుతాడో, అంతా నా కళ్ళముందే రాసుకున్న లెక్క. రోజూ సాయంత్రం ఆ లెక్కలు పద్ధతిగా కంప్యూటరులో ఎక్కించింది కూడా నేనే. ఊళ్ళో మిగతావాళ్ళు ఆ పెట్టెలతో ఆడుతున్నారు. నాన్న మాత్రం తన చేతితో తనే ఆడుతున్నాడు, గెలిచే దారేదీ?

“నా గొంతు తీసెయ్” అన్నాను.

“కుదరదు. నువ్వు ఇచ్చేశావు. పలక మీద ఏం రాశావు? సరే అనే కదా.”

వాడు నా తమ్ముడు. ఆ మాట నాతో అన్నాడు. ఏ కంపెనీవాడూ అంత దెబ్బ కొట్టలేడు, ఎందుకంటే ఆ పలకల సంగతి వాళ్ళకి తెలియదు.

చట్టంలో ఇంకొక దారి ఉంది. ఓటర్లలో అయిదోవంతు మంది సంతకాలు పెడితే ఊరు మళ్ళీ ఓటు వేసుకోవచ్చు. నేను కాగితాలు అచ్చు వేయించుకుని బయలుదేరాను. నాలుగో ఇంట్లోనే నాకు విషయం అర్థమైంది. నేను గుమ్మంలో నిలబడి “అమ్మా, ఒక్క సంతకం” అనగానే ఇంటావిడ ఉలిక్కిపడింది. తరువాతి ఇంట్లో ఒక ముసలాయన నా మాట వింటున్నంతసేపూ కుడిచేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు. ఆయనకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఖాదర్ మొహిద్దీన్ మాస్టారి ఇంటికి వెళ్ళడానికి నాకు వారం పట్టింది. తలుపు ఆయనే తీశారు. గడ్డం పూర్తిగా నెరిసిపోయింది.

“మాస్టారూ...” అన్నాను.

ఆయన గబుక్కున చెయ్యెత్తి ఆపారు. గొంతు బాగా తగ్గించి అన్నారు.

“మాట్లాడొద్దు తల్లీ. లోపల మా అబ్బాయి పడుకొనున్నాడు. మూడు రోజుల నుంచి ఎట్నో ఇంట్లో ఆపినాం. ఈ గొంతు ఇనపడితే లేచి గోడౌనుకి పోతాడు.”

నేను నోరు మూసుకున్నాను. చేతులు జోడించాను. ఆయన కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చివరిదాకా చదివి సంతకం పెట్టారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేదాన్నేమో. తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నారు.

ఆ రోజు నుంచి నేను పలక పట్టుకుని తిరుగుతున్నాను. నాన్న కోసిన పలకే. దాని మీద ‘మళ్ళీ ఓటు వేద్దాం. సంతకం పెట్టండి. నా తప్పే’ అని రాసి, గుమ్మం ముందు నిలబడి చూపిస్తాను. మాట్లాడను. కొందరు పెడతారు. కొందరు పలక చదివి నవ్వుతారు, “పోయినసారి నోటితో చెప్పావు, ఈసారి రాసి చెప్తన్నావా?” అంటారు. అననివ్వండి. ఆసుపత్రికి ఇరవై చేయూతలు వచ్చాయి, ఆ మాట ఒక్కటి నిలబెట్టుకున్నారు. వాటిలో నా గొంతు తీసేయించి మళ్ళీ గంట పెట్టించాను. రోగులు విసుక్కుంటున్నారు.

సంతకాల కాగితంలో మొదటి గీత మాత్రం ఖాళీగా ఉంచాను. అది నాన్నకి. ఆ చెయ్యి రాసిన పేరు అన్నింటికంటే పైన ఉండాలని నా పట్టుదల. ఇంట్లో అడిగితే “రేపు పెడతాలే అమ్మాయ్” అంటాడు. నాన్నకి పొద్దున లేవగానే గోడౌను తలుపులు తప్ప ఇంకేమీ గుర్తుండదు.

నిన్న ఆదివారం. కాగితమూ పెన్నూ తీసుకుని నేనే గోడౌనుకి వెళ్ళాను. నాన్న ఎప్పటిలాగే రెండో వరసలో, చివరి పెట్టె ముందు ఉన్నాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. నేను వెనక నిలబడ్డాను. ఆయన వేళ్ళు పిడి మీద కొంచెం సడలాయి. నాకా సడలింపు బాగా తెలుసు. పద్నాలుగు నెలలు దాన్ని చూసి భయపడ్డాను, దానితో పోట్లాడాను. ఇప్పుడు దానికోసమే ప్రార్థిస్తున్నాను. వదిలెయ్ నాన్నా, ఒక్కసారి వదిలెయ్.

బొమ్మలు ఆగాయి. చిన్న గెలుపు. పెట్టె నోరు తెరవక ముందే నేను వంగి, ఆయన చెవి దగ్గర చెప్పాను. ఆ షెడ్డులో ఫ్యాను ఆపేసి చెప్పినంత తియ్యగా చెప్పాను. అంత తియ్యదనం నాలో ఇంకా మిగిలి ఉందని నాకే తెలియదు.

“చాలు. ఇక లే. ఇంటికి పోదాం.”

నాన్న వెనక్కి తిరగలేదు. తెర వైపే చూస్తూ, కార్డులో ఇంకా ఎంత మిగిలిందో చూపించే మూల అంకె మీద వేలు పెట్టాడు. వెళ్ళిపోతున్న బస్సుని ఆపమని కండక్టరుని అడిగినట్టు, ఎంతో మర్యాదగా, పెట్టెతోనే అన్నాడు.

“ఇంకా ఉన్నాయి గదమ్మా.”

‘ఇంకొక్కసారి. వచ్చేస్తోంది’ అని నా గొంతు ఆయనకి జవాబు చెప్పింది. నాన్న తల ఊపి, వణుకు లేని కుడిచేత్తో పిడి లాగాడు.